పెళ్లి క్యాసెట్‌కి ఏ కార్డు? ఇంట్లో వీడియో ఎక్కించడానికి ఒకటి, ఎడిటింగ్‌కి ఒకటి

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కంప్యూటర్ షాపుకు వెళ్లి ‘వీడియో కార్డు కావాలి’ అని అడిగితే కౌంటర్ మీదికి వచ్చేది గ్రాఫిక్స్ కార్డు. అడిగిన మనిషి ఇంట్లో బీరువా మీద 1990ల నాటి పెళ్లి క్యాసెట్లు ఉంటాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలన్నదే ఆయన ఉద్దేశం. కార్డుకు ఫ్యాన్లు ఉంటాయి, మానిటర్ పెట్టుకోవడానికి హెచ్‌డీఎంఐ పోర్టులు ఉంటాయి. వీసీఆర్ నుంచి వచ్చే పసుపు పిన్ను గుచ్చడానికి మాత్రం ఎక్కడా చోటు ఉండదు. వేల రూపాయలు పోసి, ఇంటికి తెచ్చి బిగించాక గానీ ఈ సంగతి తెలియదు.

ఇది షాపువాళ్ల తప్పూ కాదు, కొనేవాళ్ల తెలివితక్కువతనమూ కాదు. వేర్వేరు పనులు చేసే వస్తువులు ఒకే పేరుతో చలామణీ కావడం వల్ల వచ్చిన చిక్కు. దానికి తోడు ధరల గందరగోళం. కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు అన్నీ ఆ చిప్‌ల మీద నడిచేవే. అక్కర్లేని కార్డు కొంటే ఇప్పుడు పడే దెబ్బ మునుపటి కన్నా పెద్దది.

క్లుప్తంగా

టేపు నుంచి బొమ్మ ఎంత బాగా వస్తుందన్నది గ్రాఫిక్స్ కార్డు మీద ఆధారపడదు. దాన్ని తేల్చేవి వీసీఆర్, వైరు, టేపు బొమ్మను కంప్యూటర్ ఫైలుగా మార్చే క్యాప్చర్ పరికరం. గ్రాఫిక్స్ కార్డు పని ఎడిటింగ్ దగ్గర మొదలవుతుంది. పాత టేపుల ఎడిటింగ్‌కు ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్సే చాలు. నేటి 4కే కెమెరాల, ఫోన్ల ఫైళ్లకు కార్డు అవసరం రావచ్చు. అప్పుడు చూడాల్సింది కార్డు ఎంత పెద్దదని కాదు, ఆ ఫైలు రకాన్ని విప్పే భాగం అందులో ఉందా అని.

పేరు ఎక్కడ కలిసిపోయింది

ఒకప్పుడు ఈ రెండు పనులూ నిజంగానే ఒకే కార్డు చేసేది. ఏటీఐ కంపెనీ 1996లో మొదలుపెట్టిన ‘ఆల్ ఇన్ వండర్’ కార్డులు మానిటర్‌కు బొమ్మ పంపేవి, టీవీ పట్టేవి, వీసీఆర్ నుంచి వీడియో కూడా తీసుకునేవి. మాట్రాక్స్ కూడా ‘మార్వెల్’ పేరుతో అలాంటివే అమ్మింది. ఏటీఐని 2006లో ఏఎండీ కొన్నది. ఆ తర్వాత ఇలాంటి ఉమ్మడి కార్డులు క్రమంగా కనుమరుగయ్యాయి. గ్రాఫిక్స్ కార్డు ఆటలు, లెక్కల వైపు వెళ్లింది. వీడియో లోపలికి తీసుకునే పని యూఎస్‌బీ పరికరాలకు, ప్రత్యేక క్యాప్చర్ కార్డులకు మారింది. పేరు మాత్రం పాతదే నిలిచిపోయింది.

ఇప్పుడు ‘వీడియో కార్డు’ అన్న మాట కింద మూడు పనులు ఉన్నాయి. వీడియోను బయటి నుంచి లోపలికి తేవడం ఒకటి. ఎడిటింగ్ చేస్తున్నప్పుడు ఆ ఫైలును విప్పి చూపించడం, రంగులు, ఎఫెక్టుల లెక్కలు చేయడం రెండోది. పూర్తయిన వీడియోను కుదించి ఫైలుగా రాయడం మూడోది. మొదటి పనికి గ్రాఫిక్స్ కార్డుతో సంబంధమే లేదు. లక్ష రూపాయల కార్డు పెట్టినా బూజు పట్టిన టేపు నుంచి వచ్చే బొమ్మ ఒక్క గీత కూడా మెరుగుపడదు.

ముందు టేపు, తర్వాతే కార్డు

ఆ పెళ్లి క్యాసెట్ల రకమైన వీహెచ్‌ఎస్‌ను జపాన్ కంపెనీ జేవీసీ 1976లో తెచ్చింది. వీసీఆర్‌లు తయారుచేస్తూ చివరిదాకా నిలిచిన ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో ఆ పని ఆపేసింది. అంటే ఇప్పుడు దొరికే ప్రతి వీసీఆర్ పాతదే. కార్డు వచ్చే ఏడాదైనా దొరుకుతుంది, నడిచే వీసీఆర్ దొరకడం ఏడాదికేడాది కష్టమవుతోంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజార్ లాంటి చోట్ల పాత యంత్రాలు కనిపిస్తుంటాయి. కొనేముందు పనికిరాని క్యాసెట్ ఒకటి తీసుకెళ్లి అక్కడే పెట్టి ఆడించి చూడాలి. లోపలి రబ్బరు బెల్టు సాగిపోయినా, టేపును లాగే రబ్బరు రోలరు గట్టిపడినా యంత్రం క్యాసెట్‌ను నమిలేస్తుంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెళ్లి టేపుతో ఆ పరీక్ష చేయకూడదు.

దక్షిణ తెలంగాణ వాతావరణం టేపుకు అనుకూలం కాదు. నల్లగొండ, మిర్యాలగూడ వైపు ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటిన రోజులు ఉంటాయి. వేడికి టేపు సాగుతుంది, అట్టలు వంకరపోతాయి. రేకుల ఇంట్లో అటక మీద పెట్టిన క్యాసెట్‌కు ఆ వేడి ఇంకా ఎక్కువ. వానాకాలం తేమకు బూజు పడుతుంది. క్యాసెట్ ముందుభాగంలోని చిన్న కిటికీ మీద టార్చ్ వేసి చూస్తే విషయం తెలిసిపోతుంది. రీలు అంచు నల్లగా, నున్నగా మెరిస్తే మంచిదే. అంచున తెల్లటి పొడిలాగా, సాలెగూడు ముక్కల్లాగా మచ్చలు ఉంటే అది బూజు. అలాంటి క్యాసెట్‌ను వీసీఆర్‌లో పెడితే బూజు టేపును చదివే హెడ్డుకు అంటుకుంటుంది, అక్కడి నుంచి తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కు పాకుతుంది. బూజు టేపులను విడిగా పెట్టి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకు అప్పగించడం మేలు.

క్యాసెట్ వెనక అంచున ఎడమ మూలకు చిన్న ప్లాస్టిక్ పలుకు ఒకటి ఉంటుంది. అది విరిచేసి ఉంటే ఆ టేపు మీద కొత్తగా రికార్డు కాదు. ఇంకా విరవకుండా ఉంటే ఆడించేముందు విరిచేయాలి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా ఇక భయం ఉండదు. ఆ తర్వాత టేపును ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటికి వెనక్కు తిప్పితే చుట్టలు సర్దుకుంటాయి. ఏళ్ల తరబడి కదలకుండా అతుక్కుపోయిన రీలు సాఫీగా నడవడానికి ఇది అవసరం.

క్యాప్చర్ పరికరం: లెక్క వేస్తే తేలేది

టీవీకి, వీడియోకు మన దేశంలో వాడిన పద్ధతి పాల్. సెకనుకు 25 ఫ్రేములు, మొత్తం 625 గీతలు, అందులో బొమ్మ ఉండేవి 576. కంప్యూటర్‌లోకి ఇది 720 గుణించు 576 చుక్కలుగా వస్తుంది. ఒక్కో చుక్కకు 2 బైట్లు అనుకుంటే సెకనుకు దాదాపు 21 మెగాబైట్లు, గంటకు సుమారు 75 గిగాబైట్లు. 3 గంటల పెళ్లి క్యాసెట్ అయితే 224 గిగాబైట్లు. నాణ్యత పోకుండా కుదించే హఫ్‌వైయూవీ, ఎఫ్ఎఫ్‌వీ1 లాంటి పద్ధతుల్లో రాస్తే ఇది దాదాపు సగానికి దిగుతుంది.

ఈ లెక్క వల్ల రెండు విషయాలు తేలతాయి. మొదటిది, పాత యూఎస్‌బీ 2.0 పోర్టే ఈ పనికి చాలు. దాని గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. ఆచరణలో అందులో మూడింట రెండు వంతులు దొరికినా 21 మెగాబైట్లు హాయిగా పోతాయి. రెండోది, ముందు నిండేది హార్డ్ డిస్కు. గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టబోయే డబ్బులో కొంత ఇటు మళ్లించడం న్యాయం.

హెచ్‌డీఎంఐ క్యాప్చర్ లెక్క వేరు. సెకనుకు 60 ఫ్రేముల ఫుల్ హెచ్‌డీ బొమ్మకు కుదించకుండా దాదాపు 249 మెగాబైట్లు కావాలి. యూఎస్‌బీ 2.0 స్టిక్కులో అది పట్టదు కాబట్టి స్టిక్కు లోపలే బొమ్మను కుదించి పంపుతుంది. అట్ట మీద ‘4కే’ అని రాసి ఉన్నా అది చాలావాటిలో లోపలికి తీసుకోగల సిగ్నల్ మాటే, రికార్డు అయ్యేది కాదు. కెమెరా నుంచి నేరుగా మంచి హెచ్‌డీ కావాలంటే యూఎస్‌బీ 3.0 పరికరమో, మదర్‌బోర్డులో బిగించే క్యాప్చర్ కార్డో తీసుకోవాలి.

టేపుల విషయంలో చాలామంది పడే దారి ఇంకొకటి ఉంది. వీసీఆర్ పిన్నులను ఒక ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బాలో పెట్టి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ స్టిక్కుతో కంప్యూటర్‌కు ఎక్కిస్తారు. చవక, సులువు. కానీ ఆ డబ్బా 576 గీతల బొమ్మను తనే సాగదీసి 720 లేదా 1080 చేస్తుంది, పాల్ వేగాన్ని మార్చేస్తుంది, ఫీల్డులను, అంటే ఒక్కో ఫ్రేములోని రెండు సగం బొమ్మలను, ఎలాపడితే అలా కలిపేస్తుంది. తర్వాత ఎంత మంచి సాఫ్ట్‌వేర్ పెట్టినా అది చేసిన పాడు సరిదిద్దడం కుదరదు. పసుపు పిన్ను నేరుగా పట్టే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరమే వీహెచ్‌ఎస్‌కు సరైన దారి.

‘ఈజీక్యాప్’ పేరుతో దొరికే చవక స్టిక్కుల్లో చిక్కు ఏమిటంటే, ఒకే డబ్బా, ఒకే రంగు, లోపల చిప్ మాత్రం వేర్వేరు. ఒకటి బాగా పనిచేస్తుంది, అచ్చం అలాగే ఉన్న ఇంకొకదానికి విండోస్ 11లో డ్రైవరే దొరకదు. తిరిగి ఇచ్చే వీలున్న చోట కొనాలన్నది ఇందుకే. పరికరానికి ఎస్ వీడియో పోర్టు ఉంటే, వీసీఆర్‌కు కూడా ఉంటే, ఆ వైరే వాడాలి. పసుపు పిన్నులో వెలుగు, రంగు కలిసి ఒకే తీగలో వస్తాయి. ఎస్ వీడియోలో విడివిడిగా వస్తాయి, పట్టుచీర అంచుల మీద పాకే రంగు మరకలు తగ్గుతాయి.

సాఫ్ట్‌వేర్ తెరవగానే చూడాల్సిన సెట్టింగు ఒక్కటి. అది అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో ఉంటే బొమ్మ నలుపు తెలుపుగా వస్తుంది లేదా పైకి దొర్లుతూ ఉంటుంది. పాల్‌కు మార్చాలి. అమెరికాలో ఉన్న పిల్లలు అప్పట్లో పంపిన క్యాసెట్లయితే దీనికి తిరుగు, అవి ఎన్‌టీఎస్‌సీలోనే ఉంటాయి.

గట్టిమేళం ఆలస్యంగా వినిపిస్తే

ఇంట్లో ఎక్కించిన పెళ్లి వీడియోల్లో తరచూ కనిపించే లోపం బొమ్మకు, మాటకు పొత్తు తప్పడం. మొదటి పది నిమిషాలు పెదవులు, మాటలు కలిసే ఉంటాయి. గంట గడిచేసరికి తాళి కట్టడం అయిపోయి తలంబ్రాల పళ్లెం చేతికి వస్తుంది, గట్టిమేళం అప్పుడు మోగుతుంది. దీన్ని కంప్యూటర్ స్లో అనుకుని గ్రాఫిక్స్ కార్డు మార్చినవాళ్లున్నారు. కారణం అక్కడ లేదు.

పాల్‌లో ఒక్కో గీత 64 మైక్రోసెకన్లకు రావాలి. పాత టేపు, అరిగిన యంత్రం ఆ తాళం తప్పుతాయి. ఒక గీత కాస్త ముందుగా వస్తుంది, ఇంకొకటి కాస్త వెనక. పాత టీవీ దీన్ని సర్దుకుని చూపించేది. క్యాప్చర్ చిప్ సర్దుకోలేక ఆ ఫ్రేమును వదిలేస్తుంది. సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి గంటలో 50 ఫ్రేములు పోతే బొమ్మ 2 సెకన్లు కురచవుతుంది. ధ్వని మాత్రం పూర్తి నిడివి ఉంటుంది. అందుకే బొమ్మ ముందుకు పోతుంది, మేళం వెనకబడుతుంది.

గీతల తాళాన్ని సరిచేసే సర్క్యూట్‌ను టైమ్ బేస్ కరెక్టర్ అంటారు. వీహెచ్‌ఎస్‌కు మెరుగైన రూపమైన ఎస్ వీహెచ్‌ఎస్ యంత్రాల్లో ఖరీదైన కొన్నింటిలో అది లోపలే ఉండేది. కొన్ని పాత డీవీడీ రికార్డర్లను వీసీఆర్‌కు, క్యాప్చర్‌కు మధ్య పెడితే అవీ కొంతవరకు ఈ పని చేస్తాయి. మూలన పడి ఉన్న డీవీడీ రికార్డరును పాత సామానులో వేసేముందు ఒకసారి ప్రయత్నించి చూడాలి.

రెండో కారణం ధ్వని దారి. బొమ్మను స్టిక్కు ద్వారా, ధ్వనిని కంప్యూటర్ మైకు పోర్టు ద్వారా తీసుకుంటే రెండింటికీ వేర్వేరు గడియారాలు ఉంటాయి. గంటల మీద అవి కలవవు. ఎరుపు, తెలుపు పిన్నులు కూడా అదే స్టిక్కులో పెట్టాలి. వర్చువల్‌డబ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఎన్ని ఫ్రేములు పోయాయో ఎక్కించేటప్పుడే అంకెలో చూపిస్తుంది. ఆ అంకె ఆగకుండా పెరుగుతుంటే అక్కడే ఆపి కారణం వెతకాలి, మూడు గంటలూ ఎక్కించాక వెతికి లాభం లేదు.

ఇంకొక సంగతి ఫీల్డులు. పాల్‌లో సెకనుకు 25 ఫ్రేములన్నా నిజానికి 50 సగం బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. కంప్యూటర్ తెర మీద బతుకమ్మ ఆడేవాళ్ల చేతుల అంచులు దువ్వెన పళ్లలా కనిపించేది అందుకే. ఎక్కించేటప్పుడు దీన్ని కదిలించకుండా ఉన్నదున్నట్టు ఉంచి, తర్వాత మంచి ఫిల్టరుతో విడదీస్తే కదలిక 50 ఫ్రేముల్లో నున్నగా వస్తుంది. ‘క్యూటీజీఎంసీ’ అనే పద్ధతికి ఇందులో మంచి పేరుంది. అది ఎక్కువగా ప్రాసెసర్ మీదే నడుస్తుంది. ఇక్కడా గ్రాఫిక్స్ కార్డుకు పెద్ద పాత్ర లేదు.

మినీడీవీ టేపులకు వేరే దారి

2004 కృష్ణా పుష్కరాల నాటికి ఊళ్లలో వీడియో తీసేవాళ్ల చేతుల్లోకి మినీడీవీ కెమెరాలు వచ్చేశాయి. బీచుపల్లి, మట్టపల్లి, వాడపల్లి ఘాట్ల దగ్గర తీసిన టేపులు ఇళ్లలో ఉంటే వాటిని వీహెచ్‌ఎస్‌లా పసుపు పిన్నుతో ఎక్కించడం తప్పు. ఆ టేపు మీద బొమ్మ ఉన్నది డిజిటల్ అంకెలుగానే. కెమెరాను కంప్యూటర్‌కు కలిపే ఫైర్‌వైర్ అనే వైరుతో వాటిని ఉన్నవి ఉన్నట్టు దింపుకోవచ్చు, గంటకు 13 గిగాబైట్లు అవుతుంది, నాణ్యత ఒక్క పాలు కూడా తగ్గదు. కెమెరా మీద ఉండే యూఎస్‌బీ పోర్టు చాలా మోడళ్లలో ఫొటోల కోసమే, దానితో టేపు దింపాలని చూడటం వృథా.

కొత్త కంప్యూటర్లలో ఫైర్‌వైర్ ఉండదు. మదర్‌బోర్డులో బిగించే చిన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు కావాలి. ఈ పనికి నిజంగా ‘కార్డు’ అని అడగాల్సిన చోటు ఇదొక్కటే. ల్యాప్‌టాప్‌కు ఇది కుదరదు కాబట్టి పాత డెస్క్‌టాప్ ఒకటి ఈ పని కోసం ఉంచుకోవడం తెలివైన పని. సోనీ డిజిటల్8 కెమెరాల్లో కొన్ని హై8 అనే పాత కెమెరా టేపులను కూడా చదివి ఫైర్‌వైర్ ద్వారా పంపుతాయి. హై8 టేపులున్న ఇళ్లకు అది వరం.

ఎడిటింగ్: కార్డు లోపల మూడు భాగాలు

ఫైలు కంప్యూటర్‌లోకి వచ్చాక కథ మారుతుంది. పల్లెల్లో ఇప్పటికీ ‘మిక్సింగ్’ అనే ఈ పనిలో గ్రాఫిక్స్ చిప్‌లోని మూడు భాగాలు మూడు వేర్వేరు పనులు చేస్తాయి. కుదించిన ఫైలును విప్పేది డీకోడర్. రంగులు, ఎఫెక్టుల లెక్కలు చేసేవి కోర్లు. మళ్లీ కుదించి రాసేది ఎన్‌కోడర్. ఆటల కోసం కార్డులను పోల్చే పట్టికలన్నీ కోర్ల బలం గురించే చెబుతాయి. ఇంటి ఎడిటింగ్‌లో ఎక్కువగా గొంతు పట్టుకునేది డీకోడర్.

దీన్ని కళ్లతో చూడొచ్చు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీడియో ఆడిస్తూ, పక్కన విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మీద నొక్కితే ‘3డీ’, ‘వీడియో డీకోడ్’, ‘వీడియో ఎన్‌కోడ్’ అని విడివిడి గీతలు కనిపిస్తాయి. వీడియో ఆగి ఆగి ఆడుతూ, డీకోడ్ గీత నేల మీదే పడుకుని, ప్రాసెసర్ 100 శాతం కొడుతుంటే అర్థం ఒకటే. ఆ ఫైలు రకాన్ని ఈ చిప్ విప్పలేకపోతోంది, లేదా సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకోవడం లేదు. రంగులు మార్చినప్పుడు 3డీ గీత నెత్తికెక్కి కూర్చుంటే అప్పుడు కోర్ల కొరత. కొత్త కార్డు కోసం బయల్దేరేముందు ఈ పది నిమిషాల పరీక్ష చేస్తే సగం ఖర్చు తప్పవచ్చు.

పాత టేపు ఫైళ్లకు ఈ బాధ లేదు. 576 గీతల బొమ్మను పదేళ్ల కిందటి ప్రాసెసర్ కూడా విప్పేస్తుంది. బరువైనవి నేటి ఫైళ్లు. ఫోన్లు, డ్రోన్లు వాడే హెచ్.265 అనే కుదింపు పద్ధతి ఫైలు చోటు తక్కువ తీసుకుంటుంది, విప్పడానికి మాత్రం ఎక్కువ లెక్కలు అడుగుతుంది. పెళ్లిళ్లకు వాడే సోనీ ఏ7 4 లాంటి కెమెరాలు రంగు సమాచారం ఎక్కువుండే 10 బిట్ 4:2:2 పద్ధతిలో కూడా రాస్తాయి. ఇక్కడే పేరున్న కార్డులు చేతులెత్తేస్తాయి. ఎన్విడియాలో ఈ 4:2:2 ఫైళ్లను విప్పే భాగం 2025లో వచ్చిన ఆర్టీఎక్స్ 50 సిరీస్‌తోనే చేరింది. అంతకు ముందు తరం కార్డు ఎంత ఖరీదైనదైనా ఈ ఫైలును ప్రాసెసర్ నెత్తిన వేస్తుంది. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ మాత్రం హెచ్.265లో ఇదే రకాన్ని విప్పగలదు. వేలు పోసి కొన్న కార్డు చేయలేని పనిని ప్రాసెసర్‌తో పాటు వచ్చిన చిప్ చేయడం నమ్మశక్యంగా ఉండదు గానీ జరుగుతున్నది అదే.

కార్డు లేకుండానూ దీనికి ఉపాయం ఉంది, ప్రాక్సీలు. పెద్ద ఫైళ్లకు తేలికపాటి నకళ్లు చేసుకుని, వాటితో కోతలు పూర్తిచేసి, చివర్లో అసలు ఫైళ్లతో ఎక్స్‌పోర్ట్ చేయడం, అంటే పూర్తయిన వీడియోను ఫైలుగా రాయడం. రాత్రి నకళ్లు పెట్టి పడుకుంటే పొద్దుటికి సిద్ధం. ఏడాదికి రెండు మూడు ఫంక్షన్ల వీడియోలు చేసుకునే ఇంటికి ఇది చాలు.

పేరు చూసి పొరబడే చోట్లు

చవక కార్డుల్లో ముందుగా చెప్పాల్సింది జీటీ 1030. ఎన్విడియా కార్డే అయినా అందులో ఎన్‌కోడర్ లేదు. ఎన్విడియా 2012 నుంచి ఎన్వెంక్ పేరుతో ఎన్‌కోడర్ ఇస్తూ వచ్చినా ఈ చిప్‌లో పెట్టలేదు. ఏఎండీలో 2022లో వచ్చిన ఆర్ఎక్స్ 6400, ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కూడా ఇంతే, ఆటలు ఆడిస్తాయి, వీడియో కుదించే భాగం లేదు. వీడియో పనికని వీటిని కొంటే ఎక్స్‌పోర్ట్ అంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. 2019లో మొదట వచ్చిన జీటీఎక్స్ 1650లో ఎన్‌కోడర్ ఉంది గానీ పాత తరానిది. అదే ఏడాది వచ్చిన 1650 సూపర్‌లో కొత్త తరానిది పెట్టారు. పేరులో ఒక్క మాట తేడా.

ప్రాసెసర్ల విషయంలోనూ ఒక్క అక్షరం తేడా చేస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి 2011 నుంచి ఇంటెల్ ఇస్తున్న, వీడియోను విప్పి కుదించే క్విక్ సింక్ భాగం కూడా ఉండదు. అసెంబుల్డ్ సిస్టంలో వెయ్యి రెండు వేలు తగ్గుతుందని ‘ఎఫ్’ ప్రాసెసర్ వేసి, దాని పక్కన జీటీ 1030 పెడితే, వీడియో ఎడిటింగ్‌కు అంతకన్నా చెడ్డ జోడీ ఉండదు. ‘ఎఫ్’ లేని ప్రాసెసర్ ఒక్కటే తీసుకుని కార్డు మానేసినా అంతకన్నా బాగా నడుస్తుంది.

తక్కువ బడ్జెట్లో వీడియోకు పనికొచ్చే కార్డుల్లో ఇంటెల్ ఆర్క్ ఏ380 గట్టిది. 2022లో వచ్చిన ఆర్క్ కార్డుల్లో ఏవీ1 అనే కొత్త పద్ధతిలో కుదించే ఎన్‌కోడర్ కూడా ఉంది. అయితే మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేకపోతే ఆర్క్ కుంటుతుంది, పాత సిస్టంలో పెట్టేముందు అది చూసుకోవాలి. ఎన్విడియాలో 2024లో వచ్చిన ఆర్టీఎక్స్ 3050 6 జీబీ 70 వాట్లతో నడుస్తుంది, విడిగా కరెంటు కేబుల్ అడగదు, పాత సిస్టంలోకి సులువుగా ఇముడుతుంది. 4కే పని రోజూ ఉండే స్టూడియోలకు 8 జీబీ మెమరీ ఉన్న కార్డు నయం.

సాఫ్ట్‌వేర్ ఏదో చూసి కార్డు

మన దగ్గర పెళ్లి వీడియోల స్టూడియోల్లో ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఏళ్లుగా పాతుకుపోయింది. చాలాకాలం అది ఇంటెల్ క్విక్ సింక్ మీదే ఆధారపడింది, ఎన్విడియా సహాయం తర్వాతి వెర్షన్లలో వచ్చింది. పాత ఎడియస్ వాడుతూ పెద్ద ఎన్విడియా కార్డు పెడితే తేడా కనిపించదు. అడోబీ ప్రీమియర్ 2010 నుంచే కార్డుతో లెక్కలు చేయించే ఎన్విడియా క్యూడాను వాడుకుంటోంది. డావించీ రిజాల్వ్ రంగుల లెక్కలన్నీ కార్డు మీదే చేస్తుంది కాబట్టి దానికి కార్డు బలం, మెమరీ రెండూ కావాలి. దాని ఉచిత వెర్షన్ 3840 గుణించు 2160, సెకనుకు 60 ఫ్రేముల వరకు ఎక్స్‌పోర్ట్ చేస్తుంది, ఇంటికి అంతకన్నా అక్కర్లేదు.

ఎన్‌కోడర్ గురించి ఒక మాట. కార్డుతో కుదిస్తే వేగంగా అవుతుంది, ప్రాసెసర్‌తో నిదానంగా కుదిస్తే అదే సైజులో బొమ్మ కాస్త మెరుగ్గా ఉంటుంది. వాట్సాప్‌లో పంపడానికో యూట్యూబ్‌లో పెట్టడానికో అయితే వేగమే మేలు. పిల్లల కోసం దాచిపెట్టే కాపీని మాత్రం రాత్రంతా పట్టినా ప్రాసెసర్‌తో చేయించడం సబబు.

సెకండ్ హ్యాండ్, ఎస్‌ఎంపీఎస్, ఎండ

నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా హైదరాబాద్ 100 కిలోమీటర్ల చుట్టుపక్కలే. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్తే పోల్చుకోవడానికి పది దుకాణాలుంటాయి, సెకండ్ హ్యాండ్ కూడా దొరుకుతుంది. అయితే పాత కార్డుల్లో కొన్ని క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్లు నడిచినవి. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి కార్డులతో మైనింగ్ అక్కర్లేకుండా పోయాక అలాంటి కార్డులు పెద్దఎత్తున మార్కెట్లోకి వచ్చాయి. బిల్లు, మిగిలిన వారంటీ చూపించగలిగితేనే తీసుకోవాలి. బస్సెక్కి మళ్లీ వెళ్లి మార్చుకునే ఖర్చు కూడా ధరలో భాగమే. చిన్న తేడాకు ఊళ్లోని షాపును వదులుకోవడం ప్రతిసారీ లాభం కాదు.

కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మాట మరవకూడదు. క్యాబినెట్‌తో పాటు వచ్చే చవక ఎస్‌ఎంపీఎస్ మీద రాసిన వాట్లు అన్నీ నిజంగా ఇవ్వలేకపోవచ్చు. దాని మీద 115 లేదా 130 వాట్ల కార్డు పెడితే ఎక్స్‌పోర్ట్ మధ్యలో సిస్టం ఆగిపోతుంది. గదిలోనే 40 డిగ్రీలుంటే కార్డు చల్లబడక వేగం తగ్గించుకుంటుంది. ఏప్రిల్, మే పెళ్లిళ్ల సీజన్‌లో మధ్యాహ్నం కన్నా తెల్లవారుజామున ఎక్స్‌పోర్ట్ త్వరగా అవుతోందంటే కారణం ఇదే. యూపీఎస్ తప్పనిసరి. మూడో గంటలో కరెంటు పోతే ఎక్కించిన టేపు మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి, పాత టేపును రెండోసారి ఆడించడమంటే దాన్ని ఇంకాస్త అరగదీయడమే.

ఏ ఇంటికి ఏది

పది పన్నెండు పెళ్లి క్యాసెట్లు, ఒకటి రెండు మినీడీవీ టేపులు ఉన్న ఇంటికి గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. నడిచే వీసీఆర్, నమ్మకమైన యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం, ఫైర్‌వైర్ కార్డు, 4 టెరాబైట్ల హార్డ్ డిస్కు, ఇవి చాలు. వీసీఆర్ కొనడం కుదరకపోతే ఊళ్లోని పాత వీడియో స్టూడియోను అడగాలి. చాలాచోట్ల యంత్రం ఇంకా ఉంటుంది, దాన్ని నడపడం తెలిసిన చేతులూ ఉంటాయి. వాళ్లకు ఇచ్చేటప్పుడు డీవీడీ కాకుండా కుదించని ఫైలు కావాలని ముందే చెప్పాలి.

ఫోన్, డ్రోన్ వీడియోలతో మిక్సింగ్ చేసే ఇంటికి ఇంటెల్ 11వ తరం తర్వాతి ‘ఎఫ్’ లేని ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ పునాది. దానితో కొన్ని నెలలు పనిచేసి, టాస్క్ మేనేజర్‌లో ఏ గీత నెత్తికెక్కుతుందో చూశాక కార్డు సంగతి ఆలోచించవచ్చు. సొంతంగా స్టూడియో నడిపేవాళ్లకు మాత్రం కెమెరా ఏ రకం ఫైలు రాస్తుందన్నదే మొదటి ప్రశ్న. 4:2:2 అయితే ఆర్టీఎక్స్ 50 సిరీస్ లేదా ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్. రంగు సమాచారం తక్కువుండే 4:2:0 అయితే పాత తరం కార్డు కూడా సాఫీగా నడుస్తుంది.

ఎక్కించడం అయిపోయాక ఫైలును రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఇంట్లో ఉంచాలి. క్యాసెట్లను పారేయకూడదు. ప్లాస్టిక్ పెట్టెలో నిలువుగా నిలబెట్టి, అటక మీద కాకుండా ఇంట్లో చల్లగా ఉండే గది అరలో పెట్టాలి. ఇంకా ఒక్కటి కూడా ఎక్కించకపోతే, బూజు లేనివాటిలో అన్నిటికన్నా పాతది ముందు తీయాలి.